మారినవే దాటించాలి: సిరోంచ నుంచి పెన్‌డ్రైవ్ గురించి ఒక ఉత్తరం

సంపాదకులు గారికి,

నమస్కారం.

నాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ. జిల్లా పరిషత్ బడుల్లో మరాఠీ మీడియం పిల్లలకు 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఊరికి ఒక పక్క ప్రాణహిత, ఇంకో పక్క గోదావరి. గోదావరి దాటితే కాళేశ్వరం. మీ పత్రిక కూడా ఆ ఒడ్డు నుంచే వస్తుంది, వానాకాలంలో ఒక్కోసారి మధ్యాహ్నం దాటాక. ఎప్పుడొచ్చినా టెక్నాలజీ పేజీ చదవకుండా పక్కన పెట్టను.

ఆ పేజీలో కొత్త ఫోన్ల గురించి, క్లౌడ్ గురించి, ఏఐ గురించి చాలా వస్తోంది. పెన్‌డ్రైవ్ గురించి మాత్రం ఒక్క ముక్క కూడా చూసిన గుర్తు లేదు. మా వైపు పని ఇంకా దానితోనే నడుస్తోంది. దానిలోకి ఫైళ్లు త్వరగా ఎక్కించడం ఎలాగో తెలియక నేను రెండేళ్లు శనివారాలన్నీ పోగొట్టుకున్నాను. ఇంకా పెద్ద నష్టం ఒకటి జరిగింది, అది కింద రాస్తాను. ఉత్తరం పొడుగవుతోంది, దయచేసి ఓపిగ్గా చదవండి. ఈ పనిలో సగం తెలుసుకుని దిగడం వల్లే నాకు ఆ నష్టం జరిగింది.

మా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడక ముందు, మేం చంద్రపూర్ జిల్లాలో ఉన్నప్పుడూ ఇంతే. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు. తెలుగు అక్షరం ముందు పెడితే ఆగిపోతారు. నా మనవరాలికి పన్నెండేళ్లు. వేమన పద్యం చెవిన పడితే అర్థం చెబుతుంది కానీ అదే పద్యం పుస్తకంలో చూపిస్తే ఒక్క ముక్క చదవలేదు. అందుకే వీళ్లకు తెలుగు ముందు చెవిలోంచి అందాలని నాకు అనిపించింది.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చాయి. పన్నెండు రోజులూ మా ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. మంచిర్యాల నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు వాకిట్లో కూర్చుని బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు పాడుతుంటే ఫోన్లో రికార్డు చేశాను. పని అక్కడ మొదలైంది. తర్వాత వేమన, సుమతీ పద్యాలు నేనే చదివి రికార్డు చేశాను. ముసలివాళ్ల చేత కథలు చెప్పించాను. పాత తెలుగు వాచకాల పేజీలను ఫోటోలు తీశాను, వింటూ అక్షరం కూడా చూస్తారని.

ఇవన్నీ మూడు పెన్‌డ్రైవ్‌లలో పల్లెలకు వెళ్తాయి. ఒకటి అసరల్లికి, ఒకటి అంకీసాకు, ఒకటి లోపలి పల్లెకు. శనివారం సాయంత్రం ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ) బస్సులోనో షేర్ జీపులోనో తెలిసినవాళ్ల చేతికిస్తాను. అక్కడ పెన్‌డ్రైవ్ పెట్టే స్పీకర్ ఒకటి ఉంటుంది, సాయంత్రం పిల్లలు దాని చుట్టూ చేరతారు. వచ్చే శుక్రవారం ఆ డ్రైవ్‌లు తిరిగొస్తాయి. అక్కడివాళ్లు రికార్డు చేసినవి కూడా వాటితోపాటే వస్తాయి. నెట్‌లో పంపవచ్చు కదా అని హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అడుగుతారు. లోపలి పల్లెలో సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కాలి. ఎక్కినా పాట దిగే లోపల పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను.

నా ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 10. అందులో తెలుగు ఫోల్డర్ ఒకటి, మొత్తం 11 జీబీ. మొదట్లో ఫైళ్లు 4,300 దాకా ఉండేవి. అందులో పాటలు, పద్యాలు 1,300. మిగతా 3,000 వాచకాల పేజీల ఫోటోలు. అప్పట్లో ప్రతి శనివారం నేను చేసిన పని ఏమిటంటే, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా డిలీట్ చేసి ఫోల్డర్ మొత్తం మళ్లీ కాపీ చేయడం. వారంలో మారేవి ఇరవయ్యో పాతికో ఫైళ్లు. ఏవి మారాయో గుర్తుండదు కాబట్టి మొత్తం కాపీ. ఒక్కో డ్రైవ్‌కు గంటా పావు. మూడింటికి దాదాపు నాలుగు గంటలు. మధ్యలో కరెంటు పోతే, నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి, మళ్లీ మొదటి నుంచి. సాయంత్రం బస్సు వెళ్లిపోతుందేమోనని టెన్షన్‌తో మధ్యలోనే డ్రైవ్ పీకిన రోజులూ ఉన్నాయి. అలా పీకినది అంకీసాలో తెరుచుకోలేదు. వారం మొత్తం అక్కడ పిల్లలకు పాట లేదు.

కొత్త పెన్‌డ్రైవ్ కొంటే వేగం పెరుగుతుందన్నారు. కొన్నాను. అట్ట మీద యూఎస్‌బీ 3.0 అని, ఏవేవో వేగాలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. పెద్ద తేడా రాలేదు. తర్వాత తెలిసింది, అట్ట మీద వేసేది చాలావరకు చదివే వేగం. మనకు కావలసింది రాసే వేగం, అది చవక డ్రైవ్‌లలో చాలా తక్కువ. పైగా మొదటి కొద్దిసేపు గబగబా పోయి తర్వాత ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. నేనైతే సెకనుకు 6 ఎంబీ చూశాను. ల్యాప్‌టాప్‌లో నీలం రంగు ఉన్న సాకెట్ సాధారణంగా 3.0ది, నల్లది 2.0ది. 2.0 దారి లెక్క ప్రకారం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. దారి 60 ఇస్తుంటే నా డ్రైవ్ 6 రాస్తోంది. దారి వెడల్పు చేస్తే ఏం లాభం? డ్రైవ్ మంచిదైతేనే నీలం సాకెట్‌తో పని.

మంచిర్యాలలో ఉండే మా మేనల్లుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. దసరాకు వచ్చినప్పుడు నా పక్కన ఒక శనివారం కూర్చున్నాడు. పది నిమిషాలు చూసి, "మామా, మారని పుస్తకాన్ని గూడ వారం వారం ఎత్తి మోస్తున్నవ్. మారినయి మాత్రమే దాటిస్తె అయిపోతది గద" అన్నాడు. దాన్నే సింక్ అంటారట. రెండు చోట్లా ఉన్నవాటిని పోల్చి, తేడా ఉన్నవి మాత్రం కాపీ చేయడం. అందుకు వేరే ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు. విస్టా కాలం నుంచి విండోస్‌లోనే రోబోకాపీ అని ఒకటి ఉంది. నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి, ఆ పేరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి అని టైపు చేయాలి, లోపలి ఫోల్డర్లు కూడా పోవాలంటే చివర స్లాష్ ఈ (/E) చేర్చాలి. పేరు, సైజు, మార్చిన సమయం చూసుకుంటుంది. మూడూ కలిస్తే ఆ ఫైలు జోలికి పోదు.

వాడు వెళ్లిపోయాక వచ్చిన శనివారం నేను ఒక్కడినే చేశాను. మళ్లీ గంటా పావు పట్టింది. ఏమీ మారని ఫైళ్లన్నీ మళ్లీ కాపీ అయ్యాయి. ఫోన్ చేశాను. వాడూ కాసేపు ఆలోచించి, "స్లాష్ ఎఫ్ఎఫ్‌టి (/FFT) పెట్టలేదా మామా" అన్నాడు.

ఈ ఒక్క సంగతి కోసమైనా ఈ ఉత్తరం రాయాలనుకున్నాను. ఫైళ్లను డిస్క్‌లో అమర్చుకునే పద్ధతులు కొన్ని ఉంటాయి. ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ సాధారణంగా ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉంటుంది. అది ఫైలు మారిన సమయాన్ని సెకనులో కోటో వంతు దాకా రాసిపెట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే అది సమయాన్ని రెండు సెకన్ల లెక్కన మాత్రమే రాస్తుంది. అంటే 10 గంటల 15 నిమిషాల 7 సెకన్లకు మారిన ఫైలు, పెన్‌డ్రైవ్‌లో 6 అనో 8 అనో ఉంటుంది, 7 అని ఎప్పటికీ ఉండదు. రోబోకాపీ రెండూ పోల్చి, సమయం కలవలేదు కాబట్టి ఫైలు మారింది అనుకుంటుంది. దాదాపు అన్ని ఫైళ్లకూ ఇదే జరుగుతుంది. ఎఫ్ఎఫ్‌టి అని చేరిస్తే రెండు సెకన్ల తేడాను తేడాగా లెక్కపెట్టదు. లినక్స్ వాడేవాళ్లకు ఆర్‌సింక్‌లో మోడిఫై విండో అని ఇలాంటిదే ఉంది.

అది చేర్చిన శనివారం ఒక్కో డ్రైవ్‌కు నాలుగు నిమిషాలు పట్టింది. మూడూ పన్నెండు నిమిషాల్లో అయిపోయాయి. నేను నమ్మలేక ఒక్కో ఫోల్డర్ తెరిచి, కొత్త పాటలు వచ్చాయో లేదో విని చూశాను. వచ్చాయి.

పెన్‌డ్రైవ్‌ను కూడా ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేస్తే ఈ గొడవ ఉండదు కదా అని మీ పాఠకులు అనవచ్చు. నా దగ్గరున్న స్పీకర్లు ఫ్యాట్32 తప్ప మరొకటి చదవవు. పల్లెలో ఏది మోగుతుందో దాన్నిబట్టే నేను నడవాలి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, మాకు ఆ అవసరం రాలేదు. సినిమాల సైజు వీడియోలు పంపేవాళ్లు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతి చూసుకోవాలి, ముందు తమ టీవీ దాన్ని చదువుతుందో లేదో సరిచూసుకుని.

తర్వాత పేజీల ఫోటోల సంగతి. సింక్ వచ్చాక కూడా, కొత్త వాచకం ఒకటి చేర్చిన వారం మళ్లీ ఆలస్యమయ్యేది. 120 పేజీలు, అన్నీ కలిపి 50 ఎంబీ కూడా లేవు. అవి పోవడానికి నిమిషం పైన పట్టింది. అదే 50 ఎంబీ పాట ఒకటి ఎనిమిది తొమ్మిది సెకన్లలో పోయింది. ఎందుకని మేనల్లుణ్ని అడిగితే వాడు చెప్పింది నాకు మా నది భాషలోనే అర్థమైంది. బ్రిడ్జి రాకముందు మేం నావలో ఆ ఒడ్డుకు వెళ్లేవాళ్లం. నావ నిండా మనుషులను ఎక్కించుకున్నా, ఒక్కణ్నే ఎక్కించుకున్నా నావ దాటడానికి పట్టే సమయం ఒకటే. వందమందిని ఒక్కొక్కరిగా దాటిస్తే పొద్దు గూకుతుంది. ప్రతి ఫైలుకూ పెన్‌డ్రైవ్ అసలు సమాచారం రాయడంతో ఆగదు. ఫోల్డర్‌లో దాని పేరు, సమయం రాయాలి. అది డ్రైవ్‌లో ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టికలో రాయాలి. ఆ పట్టికకు రెండో ప్రతి కూడా ఉంటుంది, దాన్నీ దిద్దాలి. చిన్న ఫైలైనా పెద్ద ఫైలైనా ఈ చిల్లర పని తప్పదు.

ఆ చిల్లర రాతలు పెన్‌డ్రైవ్‌కు ఇంకా కష్టం. అందులో ఉండే ఫ్లాష్ చిప్ పలక లాంటిది, అందులోనూ ఒక్క అక్షరం మాత్రం తుడవడానికి వీల్లేని పలక. ఉన్నచోట దిద్దాలంటే ఒక పెద్ద ముక్క మొత్తాన్ని చెరిపి, మిగతాదంతా మళ్లీ రాయాలి. అందుకే అక్కడక్కడ చిన్న చిన్నగా రాయమంటే అది కుంటుతుంది, వరసగా పెద్దది రాయమంటే పరుగెత్తుతుంది. ఆ వారమే కూర్చుని ఒక్కో వాచకం పేజీలన్నీ కలిపి ఒక్కో పీడీఎఫ్ చేశాను. మూడు వేల ఫోటోలు 38 ఫైళ్లయ్యాయి. ఒకసారి కలిపిన పుస్తకం మళ్లీ మారదు కాబట్టి సింక్ దాన్ని ఇక ముట్టదు.

ఇంకొన్ని చిన్న సంగతులు. మధ్యలో ఒకసారి నేను "పాటలు" అనే ఫోల్డర్ పేరును "నాట్ల పాటలు" అని మార్చాను. పేరే కదా అనుకున్నాను. రోబోకాపీకి పేరు మారినట్టు తెలియదు. పాతది పోయింది, కొత్తది వచ్చింది అనుకుని 3 జీబీ మళ్లీ ఎక్కించింది. పేరు మార్చాలంటే ముందు పెన్‌డ్రైవ్‌లో కూడా చేత్తో అదే పేరు పెట్టి, తర్వాత సింక్ చేయాలి. పాట ఫైలు లోపల గాయని పేరు, పాట పేరు దిద్దినా ఫైలు మొత్తం మళ్లీ పోతుంది. అందుకే అవి నెలకొకసారి కలిపి దిద్దుతాను.

ల్యాప్‌టాప్ గడియారాన్ని కూడా చూసుకోవాలి. నా దాంట్లో లోపలి గుండ్రటి బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తారీకు ఏళ్ల వెనక్కి పోయేది. ఆ తారీకుతో దిద్దిన కథ పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత ప్రతి కంటే పాతదిగా కనబడింది. పాతవి వదిలెయ్యి అని రోబోకాపీకి నేనే చెప్పి ఉంచాను కాబట్టి అది వదిలేసింది. లోపలి పల్లెలో పిల్లలు తప్పులున్న కథే రెండు వారాలు విన్నారు. ఆ బ్యాటరీ మార్చాక మళ్లీ ఆ బాధ లేదు.

విండోస్‌లో డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, డ్రైవ్ మీద పాలసీస్ తెరిస్తే రెండు దారులుంటాయి. ఒకటి క్విక్ రిమూవల్, రెండోది బెటర్ పర్ఫార్మెన్స్. 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి మొదటిదే ముందుగా పెట్టి ఉంటుంది. రెండోది పెడితే రాయవలసినవి మెమరీలో కొంచెం కూడబెట్టి ఒక్కసారి రాస్తుంది కాబట్టి వేగం వస్తుంది. నేను పెట్టలేదు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్, చెప్పకుండా పోయే కరెంటు ఉన్నచోట అది మంచిది కాదని నా నిర్ణయం. పెట్టుకునేవాళ్లు ఎజెక్ట్ నొక్కకుండా డ్రైవ్ తీయకూడదు. మొదటిది ఉన్నా నేను ఎజెక్ట్ నొక్కే తీస్తాను.

యాంటీవైరస్ ఆపేస్తే కాపీ ఇంకా త్వరగా అవుతుందని ఒకరు సలహా ఇచ్చారు. ఈ డ్రైవ్‌లు మూడు ఊళ్లలో ఎవరెవరి కంప్యూటర్లలోనో దూరి వస్తాయి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ నా కళ్లతో చూశాను. రెండు నిమిషాల కోసం యాంటీవైరస్‌ను ఆపకండి.

ఇప్పుడు నా తప్పు గురించి.

రోబోకాపీలో స్లాష్ ఎంఐఆర్ (/MIR) అని ఒకటుంది. అద్దంలో చూపినట్టు రెండు వైపులా ఒకేలా చేస్తుంది. ఇటు లేనిది అటు ఉంటే దాన్ని డిలీట్ చేస్తుంది. అడగదు, రీసైకిల్ బిన్‌లో కూడా ఉంచదు. నేను తీసేసిన పాత ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో మిగిలిపోకుండా ఉంటాయని నేను దాన్నే వాడేవాణ్ని. ప్రతిసారీ టైపు చేయకుండా ఒక చిన్న బ్యాచ్ ఫైలులో రాసిపెట్టుకున్నాను. రెండుసార్లు నొక్కితే చాలు, E డ్రైవ్‌లోకి, అంటే విండోస్ ఆ ఇంగ్లిష్ అక్షరం ఇచ్చిన డ్రైవ్‌లోకి, అన్నీ పోతాయి.

అసరల్లిలో మా పెద్దమ్మ ఉండేది. ఎనభై దాటాయి. ఆమెకు వచ్చినన్ని నాట్ల పాటలు ఈ చుట్టుపక్కల ఎవరికీ రావు. మైకు పెడితే సిగ్గుపడి పాడేది కాదు. ఆ ఊళ్లో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతి రోజూ సాయంత్రం ఆమె దగ్గర కూర్చుని, మెల్లగా మచ్చిక చేసుకుని, పదకొండు పాటలు ఫోన్లో రికార్డు చేసింది. ఫోన్ మెమరీ నిండిపోతే, పాటలన్నీ తన సొంత పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, ఫోన్లోవి తీసేసింది. ఒక శనివారం పొద్దున తానే జీపులో వచ్చి ఆ డ్రైవ్ నా చేతికిచ్చింది. "సార్, అవ్వ పాటలు. అన్నీ వచ్చినయ్" అంది.

వాటిని కాపీ చేసుకుందామని ఆ డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టాను. ఇంతలో బయట ఎవరో పిలిచారు. తిరిగొచ్చి, పల్లెకు పంపాల్సిన డ్రైవ్ అనుకునో, అలవాటు చొప్పునో, ఆ బ్యాచ్ ఫైలు నొక్కాను. ఆ రోజు E అక్షరం ఆ అమ్మాయి డ్రైవ్‌కు వచ్చింది. ఏది ముందు పెడితే దానికి ఆ అక్షరం వస్తుందన్న సంగతి నేను ఆలోచించలేదు.

నాలుగు నిమిషాల్లో అయిపోవాల్సింది పది నిమిషాలైనా అవలేదు. ఎందుకు ఇంతసేపు పడుతోందని తెర వైపు వంగి చూశాను. పాటల ఫోల్డర్లన్నీ కొత్తగా ఎక్కుతున్నాయి. అప్పుడు అర్థమైంది. ఆపేసరికి 4 జీబీ దాకా రాసేసింది. పెద్దమ్మ పాటలు మొదటి క్షణంలోనే పోయాయి. నా చేతులు చల్లబడ్డాయి.

డిలీట్ చేసిన ఫైలు వెంటనే మాయమైపోదు, దాని పేరు, చోటు మాత్రమే చెరిగిపోతాయి. దాని మీద ఇంకేదైనా రాసేదాకా లోపల ఉంటుంది. అందుకే అలా జరిగితే ఆ డ్రైవ్‌లో ఇంకేమీ రాయకుండా వెంటనే తీసి పక్కన పెట్టాలి. నేను తీసేసరికే దాని మీద 4 జీబీ రాసి ఉంది. మర్నాడు బస్సెక్కి మంచిర్యాల వెళ్లాను. మేనల్లుడు రికవరీ పెట్టి రాత్రంతా చూశాడు. పదకొండులో నాలుగు పాటలు దొరికాయి. వాటిలో ఒకటి మధ్యలో తెగిపోయింది.

పెద్దమ్మ చేత మళ్లీ పాడిద్దామనుకున్నాం. ఆ వానాకాలం జ్వరంతో మంచం పట్టింది. లేవలేదు.

ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ శుక్రవారం డ్రైవ్ తెస్తుంది. తెచ్చిన వెంటనే నేను ముందు దానిలో ఉన్నవి ల్యాప్‌టాప్‌లోకి తీసుకుంటాను. ఇంకో పాత హార్డ్ డిస్క్‌లో రెండో ప్రతి పెడతాను. ఆమె ఎదురుగానే రెండు చోట్లా వినిపిస్తాను. ఆ తర్వాతే మిగతా పని.

బ్యాచ్ ఫైలు మార్చాను. మూడు పల్లె డ్రైవ్‌లలో గుర్తు అనే పేరుతో ఒక చిన్న ఖాళీ ఫైలు పెట్టాను. ఆ ఫైలు కనబడితేనే కాపీ మొదలవుతుంది, లేకపోతే ఆగిపోతుంది. అదే పేరుతో ల్యాప్‌టాప్ ఫోల్డర్‌లోనూ ఒకటి ఉంచాను, లేకపోతే ఎప్పుడైనా అద్దం పద్ధతి వాడినప్పుడు ఆ గుర్తు కూడా చెరిగిపోతుంది. మామూలు వారాల్లో ఎంఐఆర్ వాడడం మానేశాను. దాని బదులు స్లాష్ ఈ వాడతాను, అది చేర్చుతుందే కానీ ఏదీ చెరపదు. తీసేయాల్సిన ఫైళ్లు ఉంటే నెలకొకసారి ఎంఐఆర్ వాడతాను, అదీ ముందు స్లాష్ ఎల్ (/L) కూడా పెట్టి నడుపుతాను. ఎల్ పెడితే నిజంగా ఏమీ చేయకుండా ఏవేవి కాపీ చేస్తుందో, ఏవేవి డిలీట్ చేస్తుందో జాబితా మాత్రం చూపిస్తుంది. ఆ జాబితా చదివాకే అసలు పని. దీనికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

సంపాదకులు గారూ, మిమ్మల్ని రెండు కోరుకుంటున్నాను.

మొదటిది, మీ టెక్నాలజీ పేజీలో ఇలాంటి సంగతులు రాయించండి, మాటలు తెలుగులో ఉండేలా. నాకు ఎఫ్ఎఫ్‌టి గురించి, ఎంఐఆర్ గురించి ఇంగ్లిష్‌లో వెతికితే దొరికేదే. కానీ ఏ మాట పెట్టి వెతకాలో ముందు తెలియాలి కదా. మరాఠీ మీడియంలో చదివి, తెలుగులో బతికే నాలాంటివాడికి తెలుగు పత్రికలో నాలుగు వాక్యాలు ముందే కనబడి ఉంటే ఆ ఏడు పాటలు ఉండేవి. నిందించడానికి ఈ మాట అనడం లేదు. మా దగ్గరే కాదు, పర్లాకిమిడి వైపు, రాయగడ వైపు, నాందేడ్ సరిహద్దుల్లో కూడా ఇంట్లో తెలుగు, బడిలో వేరే భాష ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఏదో ఎక్కిస్తూ ఉంటారు.

రెండోది, తెలుగు పాఠాలు, కథలు తయారుచేసి పంచేవాళ్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పోయిన ఏడాది ఒకచోట నుంచి పిల్లల పాఠాలు తెచ్చుకున్నాను. పాఠాలు చాలా బాగున్నాయి. కానీ ఒక్కో బొమ్మ ఒక ఫైలు, ఒక్కో మాట ఉచ్చారణ ఒక ఫైలు, అలా తొమ్మిది వేల పైన. మూడు నెలలకు కొత్తది తెస్తే ఫోల్డర్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. ఏది కొత్తదో ఏది పాతదో సింక్‌కు తెలియలేదు, నాకూ తెలియలేదు. ఒక్కో పాఠం ఒక్కో ఫైలుగా కట్టి ఇవ్వండి. ఒకసారి పెట్టిన పేరు మార్చకండి. మార్పులు చేసినప్పుడు మారినవి మాత్రం వేరే ఫోల్డర్‌లో కూడా ఇవ్వండి. మీకు అది ఒక పూట పని. మాకు ప్రతి వారం కలిసొస్తుంది.

చివరగా ఒక సొంత విషయం. మధ్యలో తెగిపోయిందని చెప్పిన ఆ పాటలో, ప్రాణహిత ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు కోడలిగా వచ్చిన పిల్ల నాటు వేస్తూ, తన పుట్టింటి దారిలో వచ్చే ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటుంది. ఒక్కో ఊరికి ఒక గుర్తు చెబుతుంది, మర్రి అని, బావి అని, గుట్ట అని. అర్జునగుట్ట దాటాక మూడో ఊరి దగ్గర రికార్డు తెగిపోయింది. కోటపల్లి, చెన్నూరు వైపు నాట్లకు వెళ్లే పెద్దవాళ్లకు ఈ పాట వచ్చి ఉంటుంది, అటు నుంచే వచ్చిందని పెద్దమ్మ అనేది. ఎవరికైనా మిగతాది తెలిస్తే, ఫోన్లో పాడి, రెండు చోట్ల దాచి, మీ పత్రిక కార్యాలయానికి ఒక ప్రతి చేర్చమని అడగండి. అక్కడి నుంచి తెచ్చుకోవడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర